జీవం పుట్టుక: శాస్త్ర వివరణలు, దైవ విశ్వాసం

భూమి పుట్టి దాదాపు 454 కోట్ల ఏళ్లయింది. పశ్చిమ ఆస్ట్రేలియాలోని పిల్బరా ప్రాంతంలో సూక్ష్మజీవులు పొర మీద పొరగా కట్టిన స్ట్రొమాటొలైట్ శిలలు దొరికాయి. వాటి వయసు 343 నుంచి 348 కోట్ల ఏళ్లని తేలింది. ఈ రెండు కాలాల నడుమ ఎప్పుడో, ప్రాణం లేని పదార్థంలోంచి ప్రాణం పుట్టింది. ఎలా పుట్టిందన్నదే జీవోత్పత్తి శాస్త్రం తేల్చవలసిన విషయం. దీన్ని జీవపరిణామ సిద్ధాంతంతో కలిపేయడం మామూలైపోయింది గాని రెండూ ఒకటి కావు. మొదటి కణం ఏర్పడ్డాక దాని సంతతి కోట్ల ఏళ్లలో ఎన్ని రూపాలు ఎత్తిందో, ఎందుకు ఎత్తిందో పరిణామ సిద్ధాంతం చెబుతుంది. ఆ జవాబు స్థిరపడిపోయింది. మొదటి కణమే ఎలా ఏర్పడిందన్న ప్రశ్నకు ఇంకా పూర్తి జవాబు రాలేదు. రాలేదు గనకనే ఆస్తికులు, నాస్తికులు ఇద్దరూ ఆ ఖాళీ మీద ఆశ పెట్టుకున్నారు. జవాబు ఎప్పటికీ దొరకదు, కాబట్టి దేవుడున్నాడని ఒకరు. దొరికిన నాడు దేవుడి పని అయిపోతుందని మరొకరు. గత 350 ఏళ్ల చరిత్రను దగ్గరగా చూస్తే ఈ రెండు ఆశలకూ ఆధారం లేదని తెలుస్తుంది. ప్రార్థన వినే, మంచిచెడ్డలు పట్టించుకునే, భక్తుడితో సంబంధం ఉన్న దేవుడి మీద నమ్మకం జీవరసాయన శాస్త్రం మీద ఆధారపడి నిలిచిందీ లేదు, దాని వల్ల కూలిందీ లేదు. ఆ శాస్త్రం దెబ్బతీయగలిగింది ఒక్క తరహా నమ్మకాన్నే: దేవుణ్ణి మన అజ్ఞానంలో నివాసం పెట్టించిన నమ్మకాన్ని.

చరిత్రలో మొదట కనిపించేది ఈనాటి పాఠకుణ్ణి ఆశ్చర్యపరుస్తుంది. అజీవ పదార్థం నుంచి జీవం తనంతట తాను పుడుతుందన్న అభిప్రాయం దాదాపు రెండు వేల ఏళ్లపాటు నాస్తికుల అభిప్రాయం కాదు, అందరి అభిప్రాయం. బురదలోంచి ఈల్ చేపలు పుడతాయని అరిస్టాటిల్ రాశాడు. క్రైస్తవ వేదాంతానికి పునాది వేసిన అగస్టీన్, దేవుడు ఆదిలోనే పదార్థంలో బీజశక్తులను నాటాడనీ అవి అదను వచ్చినప్పుడు మొలకెత్తుతాయనీ వివరించాడు. 13వ శతాబ్దంలో థామస్ అక్వినాస్ కూడా కుళ్లిన పదార్థంలోంచి పురుగులు పుట్టడాన్ని ఒప్పుకున్నాడు. అందులో ఆయనకు దైవానికి వచ్చిన లోటేమీ కనబడలేదు. 1668లో ఇటలీలో ఫ్రాన్సెస్కో రెడీ మాంసం జాడీల మీద పలచని గుడ్డ కట్టి, ఈగలు వాలనిచోట పురుగులు పుట్టవని చూపించాడు. సూక్ష్మదర్శిని వచ్చాక వాదం పురుగుల నుంచి సూక్ష్మజీవులకు మారింది. 18వ శతాబ్దంలో జాన్ నీడమ్ మాంసరసాన్ని కాచి మూతపెట్టినా అందులో సూక్ష్మజీవులు పుట్టాయని ప్రకటించాడు. అతను కేథలిక్ మతగురువు. ఇంకా ఎక్కువసేపు కాచి, సీసా మూతిని కరిగించి మూసేస్తే ఏమీ పుట్టదని 1765లో చూపించిన లాజరో స్పల్లాంజానీ కూడా కేథలిక్ మతగురువే. నీడమ్ ప్రయోగం నాస్తికత్వానికి ఊతమిస్తోందని విరుచుకుపడ్డవాడు చర్చికి బద్ధశత్రువైన వోల్టేర్. అతను చర్చిని ద్వేషించాడు గాని సృష్టికర్తను నమ్మాడు. ఫ్రెంచి భౌతికవాదులు ఆ మతగురువు ప్రయోగాన్నే తమ వాదానికి సాక్ష్యంగా వాడుకున్నారు. ఒకే ప్రయోగం ఒక పురోహితుడికీ ఒక నాస్తికుడికీ ఒకేసారి పనికి వచ్చిందంటే దైవం గురించి అది నిజంగా ఏమీ చెప్పలేదన్నమాట.

19వ శతాబ్దపు ఫ్రాన్సులో ఇదే కథ మరోసారి నడిచింది. 1859లో ఫెలిక్స్ పూషే స్వయంజనన వాదాన్ని సమర్థిస్తూ పెద్ద పుస్తకం రాశాడు. అది దైవసృష్టికి విరుద్ధం కాదని అందులోనే వాదించాడు. లూయీ పాశ్చర్ హంసమెడలాంటి గొట్టం ఉన్న సీసాల్లో రసాన్ని మరిగించి, గాలి తగిలినా ధూళి చేరకపోతే సూక్ష్మజీవులు పుట్టవని నిరూపించాడు. 1864లో సోర్బాన్‌లో ఇచ్చిన ఉపన్యాసంలో, పదార్థం తనంతట తానే ప్రాణం పోసుకుంటే భౌతికవాదులకు అంతకన్నా గెలుపు ఉండదని అన్నాడు. ఆ మాటన్నాక, ఇది మతానికో తత్త్వానికో వదిలేసే విషయం కాదు, ప్రయోగం తేల్చవలసిన విషయమని కూడా అన్నాడు. ఆ రెండో మాటనే ఆయన నిజమైన వారసత్వంగా తీసుకోవాలి. తొందరపాటు ఒక పక్షానికే పరిమితం కాలేదు. 1868లో పరిణామవాది థామస్ హక్స్‌లీ అట్లాంటిక్ సముద్రగర్భం నుంచి తెచ్చి సారాయిలో నిలవచేసిన బురదలో జీవానికీ అజీవానికీ మధ్య లంకెలాంటి జిగురు పదార్థం ఉందని నమ్మి దానికి శాస్త్రీయ నామం కూడా పెట్టాడు. చాలెంజర్ నౌక మీద ప్రయాణిస్తున్న పరిశోధకులు అది సారాయి తగలడం వల్ల పేరుకున్న కాల్షియం సల్ఫేటు అని తేల్చారు. హక్స్‌లీ 1875లో తన పొరపాటును బాహాటంగా ఒప్పుకున్నాడు.

పాశ్చర్ గెలుపు ఒక చిక్కును మిగిల్చింది. నేడు సీసాలో జీవం పుట్టకపోతే, ఒకప్పుడు భూమి మీద ఎలా పుట్టింది? 1871లో మిత్రుడు జోసెఫ్ హుకర్‌కు రాసిన ఉత్తరంలో చార్లెస్ డార్విన్ దీనికి దారి చూపాడు. అమోనియా, భాస్వర లవణాలు, వెలుగు, వేడి, విద్యుత్తు అన్నీ ఉన్న ఒక గోరువెచ్చని చిన్న నీటిగుంటను ఊహించి, అలాంటిచోట ఈ రోజున ప్రోటీన్ లాంటిది ఏర్పడినా ఇప్పుడున్న జీవులు వెంటనే తినేస్తాయని, జీవులే లేని ఆ కాలంలో ఆ అడ్డు ఉండేది కాదని రాశాడు. 1924లో రష్యాలో అలెగ్జాండర్ ఒపారిన్, 1929లో ఇంగ్లండులో జె.బి.ఎస్. హాల్డేన్ ఎవరికి వారే ఈ ఊహను సిద్ధాంతంగా మలిచారు. ఆక్సిజన్ లేని తొలి వాతావరణంలో, సూర్యుడి అతినీలలోహిత కిరణాల శక్తితో సేంద్రియ పదార్థాలు సముద్రంలో పోగై చిక్కబడ్డాయన్నది దాని సారం. హాల్డేన్ 1957లో కలకత్తాలోని భారత గణాంక సంస్థకు వచ్చాడు, తర్వాత భారత పౌరుడయ్యాడు, 1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో చనిపోయాడు. తన దేహాన్ని వైద్యవిద్యార్థుల చదువుకు కాకినాడలోని రంగరాయ వైద్య కళాశాలకు ఇవ్వాలని వీలునామా రాశాడు. జీవం మొదలుకు ఆధునిక వివరణ ఇచ్చిన ఇద్దరిలో ఒకరి కథ ఇలా తెలుగు నేలతో ముడిపడింది.

1953లో షికాగో విశ్వవిద్యాలయంలో హెరాల్డ్ యూరీ దగ్గర పరిశోధన చేస్తున్న స్టాన్లీ మిల్లర్ ఈ ఊహను గాజు సీసాలోకి తెచ్చాడు. మీథేన్, అమోనియా, హైడ్రోజన్, నీటి ఆవిరి కలిపి, వాటిలోంచి విద్యుత్ రవ్వలు పంపితే కొద్ది రోజుల్లోనే గ్లైసిన్, అలనిన్ వంటి అమైనో ఆమ్లాలు ఏర్పడ్డాయి. మిల్లర్ చనిపోయాక, ఆయన దాచిన పాత సీసాలను 2008లో కొత్త పరికరాలతో పరీక్షిస్తే ఇరవైకి పైగా అమైనో ఆమ్లాలు కనబడ్డాయి. తొలి భూవాతావరణం మిల్లర్ అనుకున్నట్టు కాక ఎక్కువగా నైట్రోజన్, కార్బన్ డయాక్సైడులతో నిండి ఉండవచ్చని భూశాస్త్రజ్ఞులు తర్వాత అన్నారు. ఆ విమర్శ సరైనదే, అయితే దానితో వాదం ఆగలేదు. ముడిసరుకు ఇంకో దారిలోనూ దొరుకుతుందని తేలింది. 1969 సెప్టెంబరు 28న ఆస్ట్రేలియాలోని మర్చిసన్ ఊరి దగ్గర పడిన ఉల్కలో డెబ్బైకి పైగా అమైనో ఆమ్లాలు బయటపడ్డాయి. 2023లో అమెరికా అంతరిక్ష నౌక బెన్నూ అనే గ్రహశకలం నుంచి తెచ్చిన మట్టిలో, జీవులు వాడుకునే ఇరవై అమైనో ఆమ్లాల్లో 14, జన్యుపదార్థంలోని అయిదు క్షారాలూ ఉన్నాయని 2025 జనవరిలో ప్రకటించారు. జీవానికి కావలసిన ఇటుకలు అరుదైనవి కావు, మనిషి చెయ్యి తగలనిచోట కూడా తయారవుతున్నాయి. ఇంతవరకు అనుమానానికి తావు లేదు.

ఇటుకలున్నంత మాత్రాన ఇల్లు లేవదు. అసలు కష్టం ఇక్కడే మొదలవుతుంది. నేటి కణంలో ప్రోటీన్లు తయారుకావాలంటే డీఎన్‌ఏలోని సమాచారం కావాలి, ఆ సమాచారాన్ని చదవాలంటే ప్రోటీన్లు కావాలి. ఏది ముందన్న చిక్కుముడిని 1980లలో థామస్ చెక్, సిడ్నీ ఆల్ట్‌మన్‌లు సడలించారు. ఆర్‌ఎన్‌ఏ సమాచారాన్ని మోయడమే కాక ఎంజైములా రసాయన చర్యను కూడా నడపగలదని చూపించి 1989లో నోబెల్ బహుమతి అందుకున్నారు. ఆర్‌ఎన్‌ఏ ఒక్కటే రెండు పనులూ చేసిన తొలి దశ ఉండేదన్న భావనకు దానితో బలం వచ్చింది. చిదంబరంలో పుట్టిన వెంకట్రామన్ రామకృష్ణన్‌కు మరో ఇద్దరితో కలిపి 2009లో నోబెల్ తెచ్చిపెట్టిన రైబోజోమ్ నిర్మాణ పరిశోధనలు దీనికి గట్టి సాక్ష్యమిచ్చాయి. ప్రతి జీవిలోనూ అమైనో ఆమ్లాలను ఒకదానికొకటి అతికించే ఆ యంత్రపు నడిబొడ్డున పనిచేసేది ఆర్‌ఎన్‌ఏనే, ప్రోటీన్ కాదు. అదే 2009లో జాన్ సదర్లండ్ బృందం, తొలి భూమి మీద ఉండదగిన సాదా పదార్థాల నుంచి ఆర్‌ఎన్‌ఏ భాగాలైన రెండు న్యూక్లియోటైడులు తయారయ్యే దారి కనిపెట్టింది. మరో పక్షం జన్యువుకు కాక శక్తికి పెద్దపీట వేస్తుంది. 2000లో అట్లాంటిక్ అడుగున కనుగొన్న లాస్ట్ సిటీ అనే క్షారజలపు ఊటల్లో హైడ్రోజన్ నిరంతరం పుడుతుంది. ఆ రాళ్ల సన్నని రంధ్రాల గోడలకు ఇరుపక్కలా ఏర్పడే ఆమ్ల, క్షార తేడా నేటి కణాలు శక్తిని పొందే పద్ధతికి దగ్గరగా ఉందని వీరి వాదం. నేల మీది గుంటలా, సముద్రపు ఊటలా అన్న తగవు తెగలేదు. న్యూక్లియోటైడులు పొడవాటి గొలుసులై తమను తాము నకలు తీసుకునే స్థితికి ఎలా చేరాయి, జన్యుసంకేతం ఎలా కుదిరింది, అమైనో ఆమ్లాల్లో ఎడమ అమరిక ఉన్నవే ఎందుకు ఎంపికయ్యాయి అన్నవి ఇంకా విడని ముడులు.

ఈ ముడులను చూపి వేసే మొదటి ఆక్షేపణ సంభావ్యతది. ఖగోళశాస్త్రవేత్తలు ఫ్రెడ్ హాయిల్, చంద్ర విక్రమసింఘె 1981లో ఒక లెక్క వేశారు. కణానికి అవసరమైన రెండు వేల ఎంజైములు యాదృచ్ఛికంగా ఏర్పడే అవకాశం, 1 పక్కన 40,000 సున్నాలు పెడితే వచ్చే సంఖ్యలో ఒక వంతేనని చెప్పారు. లెక్కలో తప్పు లేదు, లెక్కించిన విషయంలోనే తప్పుంది. రెండు వేల ఎంజైములు ఒక్కసారిగా, ముందు దశలేవీ లేకుండా కూడాయని జీవోత్పత్తి శాస్త్రవేత్త ఎవరూ చెప్పలేదు. రసాయన చర్యలు పాచికలు కావు. కొన్ని అణువులు కొన్నిటితోనే అతుక్కుంటాయి, ఒకసారి నకలు మొదలైతే ఎంపిక మొదలవుతుంది. 1993లో డేవిడ్ బార్టెల్, జాక్ షోస్టాక్‌లు దాదాపు వెయ్యి లక్షల కోట్ల యాదృచ్ఛిక ఆర్‌ఎన్‌ఏ గొలుసుల రాశిలోంచి రసాయన చర్యను నడపగలిగే గొలుసులను వడగట్టి తీశారు. పనికొచ్చే అణువు హాయిల్ లెక్క భయపెట్టినంత అరుదు కాదు. అయితే ఆ రాశిని తయారుచేసిందీ వడగట్టిందీ తెలివైన రసాయనవేత్తే కదా అని అడగవచ్చు. ఈ మాటను నాస్తికుడైన రసాయనవేత్త కూడా అడగవలసిందే, శాస్త్రం లోపలివాళ్లు అడిగారు కూడా. ప్రకృతిలో వడగట్టే పనిని ఏ పరిస్థితులు చేశాయో చూపించవలసిన బాధ్యత ఈ శాస్త్రానికి ఇంకా మిగిలే ఉంది. కాని చూపించలేదు గనక దేవుడే చేశాడనడం వేరే మాట. జీవితమంతా నాస్తికవాదిగా పేరున్న తత్త్వవేత్త ఆంటొనీ ఫ్లూ 2004లో డీఎన్‌ఏ సంక్లిష్టతను కూడా ఒక కారణంగా చూపుతూ సృష్టికర్త ఉన్నాడని ఒప్పుకున్నాడు. ఆయన చేరింది ఎక్కడికి? లోకవ్యవహారాల్లో కలగజేసుకోని, ప్రార్థన వినని ఒక ఆదికారణం దగ్గరికి. జీవరసాయనంలోని ఖాళీ నుంచి బయలుదేరినవాడు భక్తుడు కొలిచే దేవుడి దాకా వెళ్లలేకపోయాడు.

వేదాంతుల్లో వివేకవంతులు ఈ ప్రమాదాన్ని ముందే పసిగట్టారు. స్కాట్లండు మతబోధకుడు హెన్రీ డ్రమండ్ 1894లోనే, శాస్త్రంలో ఖాళీలు వెతికి వాటిని దేవుడితో పూడ్చేవాళ్లను మందలించాడు. జర్మనీలో హిట్లర్ చెరలో ఉన్న పాస్టర్ డీట్రిక్ బాన్‌హోఫర్ 1944లో రాసిన ఒక ఉత్తరంలో, అలాంటి దేవుడు జ్ఞానం పెరిగే కొద్దీ వెనక్కి నెట్టబడుతూనే ఉంటాడని, దేవుణ్ణి తెలిసినదానిలో వెతకాలని అన్నాడు. 1951లో పోప్ పన్నెండవ పయస్, విశ్వం ఒక ఆది క్షణంలో మొదలైందన్న సిద్ధాంతం సృష్టికి సాక్ష్యమన్నట్టు మాట్లాడాడు. ఆ సిద్ధాంతాన్ని మొదట ప్రతిపాదించిన జార్జ్ లెమెత్ర్ స్వయంగా కేథలిక్ మతగురువు. ఆయనకు ఆ మాట నచ్చలేదు. తన సిద్ధాంతం ఆస్తికుడికీ నాస్తికుడికీ సమానంగా అందుబాటులో ఉండాలన్నది ఆయన పట్టుదల. సొంత సిద్ధాంతం తన మతానికి సాయపడుతున్నట్టు కనిపించినప్పుడు కూడా వద్దన్న ఆ నిజాయితీ ఈ చరిత్రలో చాలా విలువైనది.

మన దర్శనాల్లో ఈ చర్చ ఇంకా పదునుగా జరిగింది. చార్వాకులు, పులియబెట్టిన పదార్థంలో మత్తు పుట్టినట్టు మట్టి, నీరు వంటి భూతాల కలయికలోంచే చైతన్యం పుడుతుందన్నారు. నైయాయికుడు ఉదయనుడు న్యాయకుసుమాంజలిలో, కార్యమైన జగత్తుకు కర్త ఉండితీరాలని అనుమాన ప్రమాణంతో, అంటే కార్యాన్ని బట్టి కారణాన్ని ఊహించే తర్కంతో, ఈశ్వరుణ్ణి సాధించాడు. వేదాన్ని ప్రాణంగా చూసుకున్న మీమాంసకుడు కుమారిలభట్టు సృష్టికర్త అనే భావననే ఖండించాడు. జైనులు సృష్టికర్త లేకుండానే తపస్సుకూ మోక్షానికీ దారి వేసుకున్నారు. వీటన్నిటికన్నా ఈ వ్యాసానికి ముఖ్యమైన సాక్షి రామానుజుడు. సగుణ బ్రహ్మాన్ని, భక్తుడి శరణాగతిని అంత గాఢంగా ప్రతిపాదించిన ఆచార్యుడు, కుండకు కుమ్మరి ఉన్నట్టు జగత్తుకు కర్త ఉండాలన్న అనుమానాన్ని శ్రీభాష్యంలో తిప్పికొట్టాడు. ఆ తర్కం నిలవదని, ఈశ్వరుడు శాస్త్రం వల్లనే, అంటే శ్రుతి వల్లనే తెలియవలసినవాడని ఆయన నిర్ణయం. శ్రీవైష్ణవ సంప్రదాయం తెలుగు దేశాన వందల ఏళ్లుగా జీవిస్తున్నది ఆ నిర్ణయం మీదనే గాని, జీవం పుట్టుకకు వేరే వివరణ లేదన్న ధీమా మీద కాదు.

రెండో ఆక్షేపణ ఎదుటి పక్షం నుంచి వస్తుంది, మరింత బలమైనది. దేవుడు లేడని శాస్త్రం నిరూపించకపోవచ్చు, కాని వివరణకు అక్కరలేనిదాన్ని ఎందుకు అట్టేపెట్టుకోవాలి? పైగా ఏ ఫలితం వచ్చినా చెక్కుచెదరని నమ్మకం ఏమీ చెప్పని నమ్మకమే కదా? ఇందులో సగం ఒప్పుకోవాలి. దేవుడు కేవలం ప్రకృతి వివరణకు ప్రతిపాదించిన ఒక కారణమే అయితే, మెరుగైన కారణం దొరికినప్పుడు తప్పుకోవలసిందే. గ్రంథం భూమి వయసు ఇంత అని, జాతులన్నీ విడివిడిగా పుట్టాయని చెప్పిందని పట్టుబట్టే విశ్వాసం పరీక్షకు నిలిచే మాటే చెప్పింది, పరీక్షలో ఓడింది కూడా. 2005 డిసెంబరులో అమెరికాలోని డోవర్ కేసులో న్యాయమూర్తి జాన్ జోన్స్, జీవుల వెనక ఒక తెలివైన రూపకర్త ఉన్నాడనే ‘తెలివైన రూపకల్పన’ వాదం శాస్త్రం కాదని తీర్పు కూడా ఇచ్చాడు. మిగతా సగం మాత్రం ఒప్పుకోనక్కరలేదు. లోకం ఎందుకు ఉంది, మంచికి విలువ ఎక్కడిది, బాధకు అర్థముందా అన్నవి రసాయన ప్రతిపాదనలు కావు. వాటి మీద తప్పొప్పుల చర్చ జరుగుతుంది, మనుషులు మనసు మార్చుకుంటారు, అందుకు కారణాలు వేరే చోట నుంచి వస్తాయి. ఒకే జీవరసాయనాన్ని చదివిన ఇద్దరు నోబెల్ గ్రహీతల్లో జాక్ మొనో 1970లో జీవం ఒక అరుదైన యాదృచ్ఛిక ఘటన, విశ్వంలో మనిషి ఒంటరి అన్నాడు. క్రిస్టియన్ ద దూవ్ 1995లో తగిన పరిస్థితులున్నచోట జీవం పుట్టి తీరవలసిందేనన్నాడు. ఈ భేదం రేపు వేరే గ్రహం మీద జీవం దొరికితే తీరవచ్చు. విశ్వం అర్థవంతమైనదా అన్న భేదం అప్పుడు కూడా తీరదు.

మనసు మార్చుకున్నవాళ్ల జీవితాలు దీనికి సాక్ష్యం. డార్విన్ విశ్వాసం క్షీణించడంలో 1851లో పదేళ్ల కూతురు ఆనీ చనిపోవడానికి, ప్రకృతిలోని క్రూరత్వానికి పెద్ద పాత్ర ఉందని చరిత్రకారులు చాలామంది భావిస్తారు. గొంగళిపురుగును లోపలి నుంచి బతికుండగానే తినే కందిరీగలను కరుణామయుడు సృష్టించాడని నమ్మలేనని 1860లో ఆయన అమెరికా వృక్షశాస్త్రవేత్త ఏసా గ్రేకు రాశాడు. ఆ సాక్ష్యాలనే ఒప్పుకున్న గ్రే చివరిదాకా క్రైస్తవుడిగానే ఉన్నాడు. వృక్షశాస్త్రం బోధించిన గోరా 1940లో కృష్ణాజిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టినప్పుడు ఆయన్ను నడిపించింది మొదటి కణం రసాయనం కాదు. అంటరానితనం, కర్మసిద్ధాంతం పేరిట మనిషి స్వేచ్ఛను కట్టేయడం. సర్వేల లెక్కలు కూడా జాగ్రత్తగా చదవాలి. 1914లో మనస్తత్వవేత్త జేమ్స్ ల్యూబా అడిగినప్పుడు అమెరికా శాస్త్రవేత్తల్లో దాదాపు 40 శాతం ప్రార్థన వినే దేవుణ్ణి నమ్ముతున్నామన్నారు. 1996లో అదే ప్రశ్న మళ్లీ అడిగితే దాదాపు అంతమందే అవునన్నారు. అక్కడి జాతీయ విజ్ఞాన అకాడమీ సభ్యుల్లో మాత్రం అలా నమ్మేవారు 7 శాతమేనని 1998లో తేలింది. ఈ సంఖ్యను దాటవేయకూడదు. అయితే పేరున్న శాస్త్రవేత్తల్లో విశ్వాసం తక్కువగా ఉండటాన్ని, తగ్గుతూ పోవడాన్ని ల్యూబాయే మిల్లర్ ప్రయోగానికి ఎంతో ముందు నమోదు చేశాడు. కాబట్టి జీవోత్పత్తి శాస్త్రం దానికి కారణం కాలేదు.

శాస్త్రానికీ విశ్వాసానికీ ఈ విషయంలో లేని తగవును ఉందనుకోవడం వల్ల నష్టపోయేది ఎక్కువగా పిల్లలే. జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలి పదో తరగతి పాఠ్యపుస్తకంలో అనువంశికతతో పాటు ఉన్న పరిణామ భాగాన్ని, భూమి మీద జీవం పుట్టుక గురించిన భాగాన్ని బరువు తగ్గించే పేరుతో తీసేసింది. 2023 ఏప్రిల్‌లో 1,800 మందికి పైగా శాస్త్రవేత్తలు, ఉపాధ్యాయులు బహిరంగ లేఖ రాసి అభ్యంతరం చెప్పారు. పై తరగతుల జీవశాస్త్రంలో ఆ పాఠం ఉందన్నది మండలి జవాబు. కాని పదితో జీవశాస్త్రం వదిలి లెక్కలకో, వాణిజ్యశాస్త్రానికో, పనికో వెళ్లే పిల్లలే మన దగ్గర ఎక్కువ. ఇంట్లో పూజ చేసే పిల్లయినా, దేవుణ్ణి నమ్మని ఇంటి పిల్లయినా మిల్లర్ సీసా గురించి, పాశ్చర్ సీసా గురించి బడిలో వినే అవకాశం వాళ్లకు పదో తరగతితోనే ముగిసిపోతుంది.